భిలాయి మట్టి, పరీక్షశాల వానపాము

నేలలో కలిసిన ఒక రసాయనం ఏ మోతాదు వరకు నిరపాయమో, ఏ మోతాదు నుంచి ప్రాణాంతకమో తేల్చవలసి వచ్చినప్పుడు ప్రపంచంలోని నియంత్రణ సంస్థలు నాలుగు దశాబ్దాలుగా పిలుస్తున్న సాక్షులలో వానపాము ఒకటి. తొలకరికి నేలపైకి వచ్చి, రైతు నాగటి చాలులో కనబడి, గాలానికి ఎరగా మారే ఈ ప్రాణి, పరీక్షశాలలోని గాజుపాత్రకు చేరి మిల్లీగ్రాముల లెక్కన విషాన్ని కొలిచే సాధనమైన తీరు శాస్త్రచరిత్రలో చిన్న అధ్యాయమే. అయినా ఎరువులు, పురుగుమందులు, బొగ్గు పరిశ్రమ, వాటిపై వచ్చిన చట్టాలు అన్నీ ఆ అధ్యాయంలో ఒకదానితో ఒకటి ముడిపడి కనిపిస్తాయి. వరిపొలాల నడుమ ఉక్కు కర్మాగారం వెలసిన భిలాయి వంటి చోట నిలబడి చూస్తే ఆ పరీక్ష బలమేమిటో, దాని పరిమితి ఎక్కడుందో మరింత తేటగా తెలుస్తుంది.

1955 ఫిబ్రవరి 2న భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య కుదిరిన ఒప్పందం ప్రకారం అప్పటి మధ్యప్రదేశ్‌లోని దుర్గ్ జిల్లాలో ఈ కర్మాగారానికి అంకురార్పణ జరిగింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. మొదట ఏడాదికి 10 లక్షల టన్నుల ఉక్కు లక్ష్యంగా మొదలైన ఉత్పత్తి సామర్థ్యం తరువాతి విస్తరణలతో 25 లక్షలకు, ఆపైన 40 లక్షల టన్నులకు పెరిగింది. ఇనుపరాయి దల్లీ–రాజహరా గనుల నుంచి, నీరు తాందులా జలాశయం నుంచి రాగా, పనివారు దేశం నలుమూలల నుంచి వచ్చారు. విజయనగరం–రాయపూర్ రైలుమార్గం అందుబాటులో ఉండడం వల్ల శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల తెలుగువారు పెద్దసంఖ్యలో అక్కడికి చేరి, సెక్టార్లుగా విభజించిన టౌన్‌షిప్పులోనూ దాని చుట్టుపక్కల బస్తీలలోనూ స్థిరపడ్డారు. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ ఏర్పడిన తరువాత భిలాయి ఆ రాష్ట్రపు ప్రధాన పారిశ్రామిక నగరమైంది.

కర్మాగారం కట్టకముందు అది వరి పండే నేల, కట్టిన తరువాత కూడా ప్రహరీ దాటితే వరి పండే నేలే. ఛత్తీస్‌గఢ్ మైదానపు రైతులు తమ భూములను తరతరాలుగా నాలుగు పేర్లతో గుర్తిస్తారు: గట్టు మీద ఉండే, గులకరాళ్లతో కూడిన ఎర్రని లాటరైట్ నేల భాటా, దానికి దిగువన పసుపుచాయ గల ఇసుక పాలు ఎక్కువున్న నేల మటాసీ, అంతకన్న బరువైనది, మధ్యరకమైనది డోర్సా, పల్లంలో నీరు నిలిచే నల్లరేగడి కన్హార్. ఒకే ఊరి పొలిమేరలో, ఒకే వాలులో ఈ నాలుగూ వరసగా కనబడవచ్చు. రసాయనం ఒకటే అయినా భాటాలో పడితే ఒకరకంగా, కన్హార్‌లో పడితే మరొకరకంగా ప్రవర్తిస్తుందన్న సంగతి ఈ వ్యాసంలో పలుమార్లు ప్రస్తావనకు వస్తుంది.

ఉక్కు కర్మాగారాలలో నేలకు సంబంధించినంతవరకు అన్నిటికన్న ముఖ్యమైన విభాగం కోక్ ఓవెన్లు. బొగ్గును గాలి తగలకుండా సుమారు 1000 డిగ్రీల సెల్సియస్‌కు పైబడి గంటల తరబడి కాల్చినప్పుడు మిగిలే గట్టి కార్బన్ ముద్ద కోక్. అది బ్లాస్ట్ ఫర్నేస్‌కు ఇంధనంగానూ, ఇనుపరాయిలోని ఆక్సిజన్‌ను లాగివేసే పదార్థంగానూ పనికివస్తుంది. కాల్చేటప్పుడు వెలువడే వాయువును చల్లార్చితే తారు దిగుతుంది, గంధకామ్లంలో కడిగితే అమ్మోనియా పట్టుబడి అమ్మోనియం సల్ఫేట్ అవుతుంది, నూనెలో కడిగితే బెంజోల్ వస్తుంది. నాఫ్తలీన్, ఫినాల్, వాటి బంధువులైన అనేక చక్రీయ సమ్మేళనాలు వీటితోపాటే పుడతాయి. ఈ ఉపఉత్పత్తులలో ఒకటి ఎరువుగా సంచిలో పొలానికి వెళుతుంది, మిగిలినవి రంగుల, మందుల, రోడ్ల పరిశ్రమలకు వెళతాయి, ఎక్కడైనా కారినవి, ఒలికినవి, మడ్డిగా మిగిలినవి నేలకు చేరగలవు. కోక్ ఓవెన్లున్న ఏ దేశపు కర్మాగారానికైనా ఇది వర్తించే మాట.

విచిత్రమేమిటంటే, పారిశ్రామిక రసాయనం వానపాములపై చూపే ప్రభావానికి చరిత్రలో దొరికే తొలి దీర్ఘకాలిక ఆధారాలలో ఒకటి పైన చెప్పిన ఉపఉత్పత్తులలో అత్యంత సాధువుగా పేరున్న అమ్మోనియం సల్ఫేట్‌కు సంబంధించినదే. ఇంగ్లండులోని రాథమ్‌స్టెడ్ వ్యవసాయ క్షేత్రంలో జాన్ బెనెట్ లాస్, జోసెఫ్ హెన్రీ గిల్బర్ట్ 1856లో పార్క్ గ్రాస్ అనే పచ్చికమైదాన ప్రయోగాన్ని మొదలుపెట్టి, ఒక్కొక్క మడికి ఒక్కొక్క ఎరువు ఏటేటా వేయిస్తూ, గడ్డి దిగుబడి ఎలా మారుతుందో నమోదు చేయించారు. వారు చూడదలచుకున్నది గడ్డినే గాని వానపాములను కాదు. కాని అమ్మోనియం లవణాలు వేసి, సున్నం వేయకుండా వదిలిన మడులలో దశాబ్దాలు గడిచేసరికి మట్టి తీవ్రమైన ఆమ్లగుణం పొంది, ఉదజని సూచిక (పీహెచ్) 4 కన్న కిందికి దిగింది. వానపాములు ఆ మడులను విడిచిపోయాయి. ఎండిన గడ్డిని తిని మట్టిలో కలిపే జీవి లేకపోవడంతో అది కుళ్లకుండా నేలపై చాపలా పేరుకుపోయింది. పక్కనే సున్నం పడిన మడిలో వానపాములు యథాప్రకారం ఉన్నాయి. ఏ జీవికి ఏ మోతాదు అన్న లెక్క అక్కడ ఎవరూ వేయకపోయినా, పోల్చడానికి మందు వేయని మడి, వేసిన మడి పక్కపక్కనే ఉండడం, ఫలితం కళ్లకు కట్టినట్లు కనబడడం వల్ల అది విషప్రభావ పరీక్షకు కావలసిన ముఖ్య లక్షణాలన్నీ ఉన్న ప్రయోగమే. ఈ గుణం తెలిసిన గోల్ఫ్ మైదానాల యజమానులు ఇరవయ్యో శతాబ్దంలో వానపాముల పుట్టమట్టి పచ్చిక నునుపును పాడుచేయకుండా అమ్మోనియం సల్ఫేట్‌ను కావాలనే వాడారు.

ఆ ఎరువు భిలాయి పరిసరాల నేలల్లో చేసే పని ఇంత సూటిగా ఉండదు. అమ్మోనియం రూపంలోని నత్రజనిని మట్టిలోని సూక్ష్మజీవులు నైట్రేట్‌గా మార్చేటప్పుడు ఆమ్లం పుడుతుంది. 100 కిలోల అమ్మోనియం సల్ఫేట్ కలిగించే ఆమ్లతను సరిచేయడానికి దాదాపు 110 కిలోల సున్నపురాయి పొడి కావాలని వ్యవసాయ గ్రంథాలు లెక్కకట్టాయి. సున్నపు పాలు సహజంగానే ఉండే కన్హార్ ఆ ఆమ్లాన్ని చాలాకాలం ఇముడ్చుకోగలదు; మొదటే ఆమ్లగుణమున్న భాటాకు, తేలికైన మటాసీకి అంత శక్తి లేదు. నీరు నిలిచిన వరిమడిలో నైట్రేట్‌గా మారడమే మందగిస్తుంది కనుక అక్కడ లెక్క మళ్లీ మారుతుంది. రాథమ్‌స్టెడ్ పాఠాన్ని దుర్గ్ జిల్లాకు ఉన్నదున్నట్లు ఎత్తుకురావడం ఎందుకు కుదరదో దీన్నిబట్టే గ్రహించవచ్చు.

పరీక్ష పుట్టడానికి ముందు వానపాముకు ప్రతిష్ఠ రావలసి ఉండింది. తోటలో చీడగా చాలామంది భావించిన ఈ జీవిని గురించి చార్లెస్ డార్విన్ 1837లోనే భూవిజ్ఞాన సంఘం ఎదుట ఒక వ్యాసం చదివి, చనిపోవడానికి ముందు ఏడాది, 1881లో, దాని పనిపై పూర్తి గ్రంథమే వెలువరించి, ఎకరం నేలలో ఏటా పది టన్నులకు పైగా మట్టి వాటి శరీరాల గుండా ప్రయాణిస్తుందని అంచనా కట్టాడు. భారతదేశంలో ఆ స్థానం లక్నో విశ్వవిద్యాలయపు కె.ఎన్. బాల్‌ది. 1926లో వెలువడిన ఆయన గ్రంథం ఫెరిటిమా అనే భారతీయ వానపాము అంతర్నిర్మాణాన్ని సాంతం వివరించి, దేశమంతటా జంతుశాస్త్ర విద్యార్థుల కోతబల్ల మీదికి దాన్ని చేర్చింది. తెలుగునాట కళాశాలల్లో చదివిన తరాలకు తరాలు ఆ వానపాము నాడీవలయాన్ని గీశాయి, విసర్జన నాళాలైన నెఫ్రీడియాలను లెక్కించాయి. అది బతికే మట్టిలో పడే మందుల గురించి మాత్రం ఆ పాఠం చాలాకాలం మౌనంగానే ఉంది.

మౌనం చెదరడానికి పండ్లతోటలు, చెట్ల వీధులు కారణమయ్యాయి. శిలీంధ్రాలను అణచడానికి ఏళ్ల తరబడి రాగి మందు చల్లిన ఇంగ్లండు ఆపిల్ తోటలలో వానపాములు దాదాపు కనుమరుగై, రాలిన ఆకు నేలపై దళసరి పొరగా మిగిలిపోయిందని ఎఫ్. రా 1962లో ప్రకటించాడు. అమెరికాలో ఎల్మ్ చెట్ల తెగులును వ్యాపింపజేసే పురుగులపై చల్లిన డీడీటీ మరో దారిని బయటపెట్టింది. మందు పడిన ఆకులు రాలగా వాటిని వానపాములు తిన్నాయి. డీడీటీ వాటిని చంపక, వాటి కణజాలంలో పోగైంది. మరుసటి వసంతంలో వాటిని ఏరుకుతిన్న రాబిన్ పక్షులు మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో వణుకుతూ చనిపోయాయి. అక్కడ జార్జి వాలెస్ పక్షులను గమనించగా, ఇల్లినాయిలో రాయ్ బార్కర్ 1958లో ఈ గొలుసును విశ్లేషించి, పదకొండు పెద్ద వానపాములు ఒక రాబిన్‌కు ప్రాణాంతకమైన మోతాదును అందించగలవని లెక్కతేల్చాడు. 1962లో వచ్చిన రేచల్ కార్సన్ ‘సైలెంట్ స్ప్రింగ్’ ఆ లెక్కను లోకమంతటికీ చేర్చింది. ఆనాటి ఉదంతంలో వానపాము చావలేదన్నది గుర్తుంచుకోదగినది: చావు ఒక్కటే కొలమానమైన పరీక్షకు డీడీటీ నిరపాయంగానే తోచి ఉండేది.

చట్టాలు విపత్తుల వెనకాల నడిచాయి. 1958లో కేరళలో పారాథియాన్ అనే పురుగుమందు ఆహారధాన్యపు పిండిలో కలిసి వందమందికి పైగా మరణించిన తరువాత, పదేళ్లకు, 1968లో భారత పార్లమెంటు క్రిమిసంహారక మందుల చట్టం చేసింది. దాని కింద ఏర్పడిన రిజిస్ట్రేషన్ కమిటీ కొత్త మందుకు అనుమతి ఇచ్చేముందు చేపలు, పక్షులు, తేనెటీగలతోపాటు వానపాములపై పరీక్షల వివరాలను కూడా కాలక్రమంలో అడగసాగింది. ఐరోపాలో 1979 నాటి ఆదేశం పురుగుమందులే కాక బజారుకు వచ్చే ప్రతి కొత్త రసాయనానికీ ముందస్తు పరీక్షలను విధించింది. అప్పుడు తలెత్తిన చిక్కు శాస్త్రానికన్న వాణిజ్యానికి దగ్గరిది: జర్మనీ పరీక్షశాల తన తోటమట్టిలో, ఇటలీ పరీక్షశాల తన పొలం మట్టిలో, వేరువేరు జాతుల వానపాములతో పరీక్షిస్తే ఒకరి అంకెను మరొకరు ఎందుకు ఒప్పుకోవాలి?

ఆ చిక్కు విప్పే పని రాథమ్‌స్టెడ్‌లోనే, పార్క్ గ్రాస్ మడులున్న సంస్థలోనే పనిచేస్తున్న క్లైవ్ ఎడ్వర్డ్స్‌కు దక్కింది. ఐరోపా ఆర్థిక సముదాయం తరఫున ఆయన అనేక దేశాల పరీక్షశాలలకు ఒకే రసాయనాలను పంపి, ఒకే పద్ధతిలో పరీక్షింపజేసి, ఫలితాలు ఎంతవరకు కలుస్తున్నాయో చూశాడు. 1983లో వచ్చిన ఆ నివేదిక ఆధారంగా, పారిశ్రామిక దేశాల కూటమి అయిన ఓఈసీడీ 1984 ఏప్రిల్ 4న తన 207వ మార్గదర్శక పరీక్షను ఆమోదించింది. ఐసీనియా ఫెటిడా అనే ఎర్రని చిన్న వానపామును అందుకు ఎంచుకున్నారు. అది పెంటకుప్పల్లో ఇట్టే పెరుగుతుంది, వేగంగా పిల్లలు పెడుతుంది, ఏడాది పొడవునా దొరుకుతుంది. సాగునేలలో మాత్రం అరుదుగా బతుకుతుంది. పరీక్షకు అనుకూలమైన జీవి కావాలా, పొలానికి ప్రతినిధి అయిన జీవి కావాలా అన్న ప్రశ్నకు అనుకూలతే గెలిచిందన్నమాట.

పరీక్ష రెండు అంచెలుగా ఉంటుంది. మొదటిది కాగితపు పరీక్ష: సుమారు 8 సెంటీమీటర్ల పొడవున్న గాజుగొట్టం లోపలి గోడకు వడపోత కాగితం చుట్టి, రసాయన ద్రావణాన్ని దానికి పట్టించి, ద్రావకాన్ని ఆరనిచ్చి, కొద్దిపాటి నీటితో తడిపి, కడుపులోని మట్టి విసర్జించేలా కొన్ని గంటలు విడిగా ఉంచిన వానపామును గొట్టానికి ఒక్కటి చొప్పున వదిలి, చీకటిలో 48 గంటలు ఉంచుతారు. చర్మం ద్వారా రసాయనం ఎంత వేగంగా పనిచేస్తుందో దీనివల్ల తెలుస్తుంది. మట్టిలో ఏమవుతుందో తెలియదు. అందుకు రెండవది, అసలైనది, కృత్రిమ మట్టి పరీక్ష. నూటికి 10 పాళ్లు పీట్, అంటే చిత్తడినేలల్లో నాచుమొక్కలు సగం కుళ్లగా మిగిలే పదార్థం, 20 పాళ్లు తెల్లని కేయోలిన్ బంకమట్టి, దాదాపు 70 పాళ్లు సన్నని ఇసుక కలిపి, సున్నపురాయి పొడితో ఉదజని సూచికను 6 దగ్గర నిలిపి ఈ మట్టిని తయారు చేస్తారు. దానిలో రసాయనాన్ని వరుసగా పెరిగే మోతాదుల్లో కలిపి, పాత్రకు 750 గ్రాముల తడిమట్టి, పదేసి వానపాములు, మోతాదుకు నాలుగేసి పాత్రలు పెడతారు. వానపాములు కనీసం రెండు నెలల వయసువి, ఒక్కొక్కటి 300 నుంచి 600 మిల్లీగ్రాముల బరువువి, క్లైటెల్లం ఏర్పడినవి కావాలి. క్లైటెల్లం అంటే ఈడు వచ్చిన వానపాము ఒంటిమీద నడికట్టులా కనబడే దళసరి పట్టీ.

గది 20 డిగ్రీల వద్ద ఉంటుంది, దీపం రాత్రింబవళ్లు వెలుగుతుంది. వెలుతురు గిట్టని వానపాములు ఆ దీపానికి జడిసి మందు కలిసిన మట్టిలోనే దాగి ఉండాలన్నది అందులోని ఎత్తుగడ. ఏడవ రోజున మట్టిని పళ్లెంలో పోసి, తలవైపు సున్నితంగా తాకి, కదలనిదాన్ని చనిపోయినదిగా లెక్కించి, మిగిలినవాటిని తిరిగి పాత్రలో వేసి, పద్నాలుగవ రోజున మళ్లీ లెక్కిస్తారు. సగం వానపాములు చనిపోవడానికి కారణమయ్యే మోతాదును, కిలో ఎండు మట్టికి ఇన్ని మిల్లీగ్రాములని, గణితం ద్వారా రాబడతారు. ఎల్‌సీ 50 అని శాస్త్రజ్ఞులు పిలిచేది ఆ అంకెనే. అది ఎంత చిన్నదైతే విషం అంత తీవ్రమైనది. మందు కలపని పాత్రల్లో నూటికి పదికి మించి చనిపోతే పరీక్ష మొత్తం చెల్లదు. వానపాముల మంద ఆరోగ్యంగా ఉందో లేదో సరిచూడడానికి క్లోరో ఎసిటమైడ్ అనే తెలిసిన విషంతో అప్పుడప్పుడు పరీక్ష నడిపి, దాని అంకె 20 నుంచి 80 మిల్లీగ్రాముల నడుమ వచ్చిందో లేదో చూడాలని కూడా మార్గదర్శకం నిర్దేశించింది. తక్కెడను వాడేముందు పడికట్టు రాయితో సరిచూసుకునే వర్తకుడి జాగ్రత్త వంటిదే ఇది.

ఈ కొలమానంపై విమర్శ త్వరలోనే మొదలైంది. నెదర్లాండ్స్‌లో వాన్ గెస్టెల్, మా అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1988లో క్లోరోఫినాళ్లను వేరువేరు మట్టుల్లో పరీక్షించి, కిలో మట్టికి లెక్కిస్తే ప్రాణాంతక మోతాదు మట్టినిబట్టి బాగా మారుతోందని, అదే మట్టిరేణువుల నడుమ ఉన్న నీటిలో ఎంత రసాయనం కరిగి ఉందో లెక్కిస్తే ఆ తేడా చాలావరకు సమసిపోతోందని చూపారు. వానపామును తాకేది కరిగిన భాగమే, సేంద్రియ పదార్థానికి అతుక్కున్నది అంతగా తాకదు. ఆ విధంగా చూస్తే పరీక్షశాల మట్టిలోని 10 పాళ్ల పీట్ చాలా రసాయనాలను పట్టి ఉంచి వాటి విషాన్ని తగ్గించి చూపుతుంది. అందుకే కొవ్వును అంటుకునే స్వభావమున్న మందుల విషయంలో ఐరోపా నియంత్రణాధికారులు వచ్చిన అంకెను రెండుతో భాగించి వాడుతున్నారు. సేంద్రియ పదార్థం బహు తక్కువగా ఉండే భాటా నేలకు ఆ సవరణ కూడా చాలకపోవచ్చు.

రెండో విమర్శ చావును గురించినది. మందు వానపామును చంపకుండానే గొడ్డుబోయేలా చేస్తే రెండు వారాల పరీక్షకు అది చిక్కదు. 2004లో ఓఈసీడీ ఆమోదించిన 222వ పరీక్ష ఈ లోటు తీర్చింది: ఈడు వచ్చిన వానపాములను నాలుగు వారాలు మట్టిలో ఉంచి తీసివేసి, అవి వదిలిన కకూన్లు, అంటే గుడ్లను పొదివి ఉంచే చిన్న గుళికలు, పొదిగేందుకు మరో నాలుగు వారాలు ఆగి, పిల్లలను లెక్కిస్తారు. దారాల వంటి ఆ పిల్లలను మట్టిలోంచి ఏరడం కష్టం కనుక, పాత్రను వేడినీటి తొట్టిలో పెడితే వేడికి తాళలేక అవి పైకి వస్తాయి. ఆపిల్ తోటల్లో వానపాములను తుడిచిపెట్టిన బెనోమిల్ మందు నుంచి మట్టిలో ఏర్పడే కార్బెండజిమ్‌ను ఈ పరీక్షకు సరిచూపు విషంగా పెట్టుకున్నారు.

భిలాయి వంటి ఉక్కునగరానికి సూటిగా సంబంధించిన అధ్యయనాలు ఇతర దేశాల్లోనే ముందు జరిగాయి. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో న్యూహౌజర్ బృందం 1985లో నలభైకి పైగా సేంద్రియ రసాయనాలను కాగితపు పద్ధతిలో పరీక్షించి, వానపాముకు ఫినాళ్లు అన్నిటికన్న విషపూరితమని, బహుచక్రీయ హైడ్రోకార్బన్లు వాటికన్న చాలా వెనుకబడతాయని వరుసకట్టింది. ఈ రెండు వర్గాలూ కోక్ ఓవెన్ తారులో ఉండేవే. ఆ వరుసను చూసి బహుచక్రీయ సమ్మేళనాల విషయంలో ఊరట చెందడం తొందరపాటు. ఫినాల్‌ను సూక్ష్మజీవులు త్వరగా తినేస్తాయి, నాఫ్తలీన్ ఆవిరైపోతుంది, పెద్ద చక్రీయ సమ్మేళనాలు మాత్రం దశాబ్దాలు నిలుస్తాయి. అయితే నిలిచేకొద్దీ అవి మట్టి రేణువుల లోపలికి దిగి, వానపాముకు అందే పాలు తగ్గుతుందని అదే కార్నెల్‌లో మార్టిన్ అలెగ్జాండర్ బృందం 1990లలో చూపింది. నిన్న కలిపిన రసాయనం, ముప్పై ఏళ్ల కిందట ఒలికిన రసాయనం విశ్లేషణ యంత్రానికి ఒకే అంకెగా కనబడినా, వానపాముకు ఒకటి కావు. అందువల్లనే మూతపడిన కోక్ కర్మాగారాల స్థలాలున్న ఫ్రాన్సులోని లొరెయిన్ ప్రాంతంలో, విడిరసాయనాన్ని కాక అక్కడి మట్టినే తవ్వి తెచ్చి వానపాములను అందులో వదిలే పద్ధతి అనుసరించారు. లోహాల విషయంలో ఇంగ్లండులోని ఏవన్‌మౌత్ జింకు కొలిమి చుట్టుపక్కల స్పర్జన్, హాప్కిన్ 1990లలో చేసిన పని ఇందుకు జత: పరీక్షశాలలో కలిపిన జింకు పొలంలో పాతుకున్న జింకు కన్న తక్కువ మోతాదుకే వానపాములను బాధించిందని వారు కనుగొన్నారు. పరీక్షశాల అంకె ఒకచోట విషాన్ని తగ్గించి చూపితే, మరొకచోట పెంచి చూపుతుంది.

భారతదేశంలో ఈ పని ఛత్తీస్‌గఢ్ పొరుగునే, ఒడిశాలోని సంబల్‌పూర్ విశ్వవిద్యాలయంలో వేళ్లూనుకుంది. మాధవచంద్ర దాశ్, బి.కె. సేనాపతి తదితరుల ఆధ్వర్యంలో అక్కడ వరిపొలాల వానపాములపై దీర్ఘకాలం పరిశోధన సాగింది. ఆ పొలాల్లో ప్రధానమైన డ్రావిడా విల్సీ అనే దేశీయ జాతిపై మలాథియాన్, కార్బోఫ్యూరాన్ వంటి మందుల ప్రభావాన్ని పండా, సాహు పరీక్షించి ఫలితాలు ప్రకటించారు. కార్బోఫ్యూరాన్ అంటే తెలుగు రైతులు వరిమడిలో చల్లిన 3జి గుళికలే. హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థలో జె. వెంకటేశ్వరరావు బృందం 2003లో క్లోర్‌పైరిఫాస్‌ను, 2004లో మోనోక్రోటోఫాస్‌ను కాగితపు పద్ధతిలో పరీక్షించి, మోతాదు పెరిగేకొద్దీ వానపాముల శరీరం మెలికలు తిరగడాన్ని, చర్మం చిట్లడాన్ని, నాడీసంకేతాలకు అవసరమైన ఎసిటైల్‌కోలిన్ ఎస్టరేజ్ అనే ఎంజైమ్ అణగిపోవడాన్ని నమోదు చేసింది. మన పత్తి, మిరప చేలల్లో టన్నుల కొద్దీ పడిన మందులు అవి. 2002లో ఉత్తమ పరీక్షశాల ప్రమాణాలను పర్యవేక్షించే జాతీయ అధికార సంస్థ ఏర్పడి, 2011లో ఓఈసీడీ దేశాలు భారతీయ పరీక్షశాలల ఫలితాలను ఉన్నదున్నట్లు ఒప్పుకోవడానికి అంగీకరించాక, ఈ పరీక్షే ఒక వృత్తిగా, ఎగుమతి సేవగా మారింది.

ఆ సేవ ప్రధానంగా అమ్మకానికి వచ్చే రసాయనాలకోసమే. కర్మాగారాల పక్కనున్న మట్టికోసం కాదు. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమావళి కోక్ ఓవెన్ల తారు మడ్డిని, బెంజోల్ ఆమ్లపు మడ్డిని, తారు తొట్ల అడుగుభాగాన్ని పేరుపెట్టి జాబితాలో చేర్చింది, ప్రమాదకర లక్షణాల వరుసలో జీవావరణానికి విషమైనదన్న గుణాన్నీ చేర్చింది. జాబితాలో పేరుంటే వ్యర్థాన్ని ఎక్కడ ఉంచాలో తెలుస్తుంది. అది తాకిన మటాసీలో వానపాము బతుకుతుందా, పిల్లలు పెడుతుందా అన్నది జాబితా చెప్పలేదు. మరోపక్క, ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2020 జూలై 20న, హరేలీ పండుగనాడు ప్రారంభించిన గోధన్ న్యాయ్ పథకం కింద పశువుల పేడను కిలో రెండు రూపాయలకు కొని, ఊరి గౌఠానుల్లో, అంటే పశువులు చేరే ఉమ్మడి స్థలాల్లో, వర్మీకంపోస్టుగా మార్పించింది. ఇలాంటి కంపోస్టు తొట్లలో మన దేశమంతటా విరివిగా వాడే ఎర్రని వానపాము ఓఈసీడీ మార్గదర్శకంలోని ఐసీనియా ఫెటిడాయే. విదేశీ పరీక్షశాలలు జాగ్రత్తగా పెంచుకునే జీవి దుర్గ్ జిల్లా గ్రామాల్లో కిలోల లెక్కన దొరకగలదు.

అయితే ఆ జీవి ఒక్కటే చాలదు. 20 డిగ్రీల గదిలో, పీట్ కలిసిన మట్టిలో అది ఇచ్చే అంకె రెండు రసాయనాలను పోల్చడానికి నమ్మదగినది. మే నెలలో 40 డిగ్రీలు దాటే ఎండలో బీటలువారి, శ్రావణంలో నీట మునిగే కన్హార్‌లో బతికే దేశీయ వానపాముల గురించి అది ఇచ్చే సాక్ష్యం పాక్షికం. రాయపూర్‌లో ఇందిరాగాంధీ కృషి విశ్వవిద్యాలయం 1987 నుంచి, ఐఐటీ భిలాయి 2016 నుంచి ఉన్నాయి. సంబల్‌పూర్ చూపిన దారి ఉంది. స్థలపు మట్టినే పరీక్షించే అంతర్జాతీయ పద్ధతులు అచ్చులో ఉన్నాయి. భాటా, మటాసీ, డోర్సా, కన్హార్ నాలుగింటినీ కర్మాగారానికి దగ్గర నుంచి, దూరం నుంచి సేకరించి, ఐసీనియాతోపాటు ఆ పొలాల వానపాములను కూడా వాటిలో ఉంచి, చావును మాత్రమే కాక సంతానాన్ని కూడా లెక్కించి, ఫలితాలను హిందీలోనూ, అక్కడి తెలుగు కార్మిక కుటుంబాలు చదువుకోగల తెలుగులోనూ ప్రకటించే బాధ్యతను ఆ సంస్థలు స్వీకరించాలి.